ఆటుపోట్ల వేళలు చూసుకుని గడిపిన ఆరు రోజులు

గత ఫిబ్రవరిలో మేమిద్దరం ఆరు రోజులు అండమాన్ దీవుల్లో గడిపి వచ్చాము. పెళ్ళయిన ఈ తొమ్మిదేళ్ళలో మేము చేసిన ప్రయాణాలు తక్కువేమీ కావు. అయితే వాటిలో చాలావాటి నుంచి ఇంటికి వచ్చాక ఎన్ని చోట్లు చూశామో లెక్క చెప్పగలిగేవాళ్ళమే గాని, ఫలానా చోట ఇద్దరూ కలిసి ఏం చూశారని ఎవరైనా అడిగితే నాకు వెంటనే జవాబు తోచేది కాదు. ఈసారి బయలుదేరడానికి నెల ముందు నేను చూడవలసిన స్థలాల జాబితా రాయడం మొదలుపెడితే, మావారు ఆ కాగితాన్ని పక్కన పెట్టి, "ఈసారి జాబితా వద్దు. సముద్రం ఎప్పుడు రానిస్తే అప్పుడు వెళ్దాం" అన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు. మరుసటి రోజు ఆయన ఆ నెలకు సంబంధించిన ఆటుపోట్ల పట్టికను అచ్చు తీసి తెచ్చి, అందులో అమావాస్య దగ్గర ఎర్ర గీత గీశారు. మా ప్రయాణపు తేదీలు ఆ గీతను బట్టే ఖాయమయ్యాయి.

సముద్ర తీరానికి వెళ్ళే జంటలు హోటలు గురించీ, వాతావరణం గురించీ ఎంతో వెతుకుతారు గాని, ఈ పట్టికను చూసేవాళ్ళు తక్కువ. అండమాన్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కనుక, ఈ రోజు ఏ వేళకు నీళ్ళు వెనక్కి పోయాయో రేపు అంతకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా పోతాయి. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అర్ధచంద్రుడి రోజుల్లో ఆ తేడా తగ్గిపోతుంది. ఆటు బాగా దిగినప్పుడే సముద్రం అడుగున దాగి ఉండే రాళ్ళూ, మడుగులూ, వాటిలోని ప్రాణులూ బయటపడతాయి. పైగా అమావాస్య రాత్రుల్లో వెన్నెల ఉండదు కనుక నీటిలోని వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు గురించి తరువాత చెబుతాను. ఈ రెండు కారణాల వల్లనే మేము అమావాస్యకు ముందురోజు చేరుకునేలా ఏర్పాటు చేసుకున్నాము.

విమానం దిగేది శ్రీ విజయపురంలో. 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్‌బ్లెయిర్. అక్కడి జెట్టీ నుంచి ఫెర్రీలో స్వరాజ్ దీవికి వెళ్ళాము. హావ్‌లాక్ అని ఇప్పటికీ చాలామంది పిలిచే ఈ దీవికీ, నీల్ అనే పక్క దీవికీ 2018 డిసెంబరు 30న స్వరాజ్ దీవి, షహీద్ దీవి అని పేర్లు పెట్టారు. 1943లో అదే తేదీన సుభాష్ చంద్రబోస్ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగురవేసిన సంఘటనకు గుర్తుగా ఆ మార్పు జరిగింది. ఫెర్రీ పైఅంతస్తులో నిలబడితే నీటి రంగు మూడుసార్లు మారడం స్పష్టంగా కనిపించింది. జెట్టీ దగ్గర ముదురు ఆకుపచ్చగా, నడిసముద్రంలో నల్లనిదేమో అనిపించేంత నీలంగా, దీవి దగ్గర పడుతుండగా అడుగున తెల్లని ఇసుక ఉండడం వల్ల పచ్చలరాయి రంగులో. ఇసుక అంత తెల్లగా ఎందుకుంటుందో నాకు ఆయన చెప్పారు. అది నదులు మోసుకొచ్చిన ఇసుక కాదు. ఎక్కువ భాగం పగడాలూ, గవ్వలూ, ఆల్చిప్పలూ అరిగి అరిగి పొడి అయినది. పగడాలను కొరికి తినే చిలక చేపలు కూడా ఆ పొడిని తయారు చేస్తాయి. పగడంతో పాటు నోట్లోకి పోయిన సున్నపురాయిని అవి గొంతులోని పళ్ళతో నూరి, మెత్తని ఇసుకగా బయటికి వదులుతాయి. మేము ఆరు రోజులు నడిచిన నేలలో కొంత ఆ చేపలు నూరినదే.

అమావాస్య నాటి సాయంత్రం రాధానగర్ తీరానికి వెళ్ళాము. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమ తీరమని రాసినప్పటి నుంచి ఆ పేరు అందరికీ తెలుసు. 2020లో దానికి, పరిశుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. అంత పేరున్న చోటు కనుక జనసమ్మర్దం ఉంటుందని నేను కొంత సందేహిస్తూనే వెళ్ళాను. ప్రవేశం దగ్గర జనం ఉన్న మాట నిజమే గాని, కుడి వైపుకు ఒక పావుగంట నడిచేసరికి మా ఇద్దరికీ, తీరం వెంబడి బారులు తీరి నిలిచిన సముద్రపు ఇప్ప చెట్లకూ మధ్య ఇంకెవరూ లేరు. ఆ చెట్లు నిజంగా మహావృక్షాలు. ఇసుక అంచులోనే వేళ్ళు దింపుకుని, ఉప్పుగాలికి ఎదురు నిలిచి, తీరాన్ని కోతకు గురికాకుండా పట్టి ఉంచుతాయి.

పట్టిక ప్రకారం నాలుగు గంటల ప్రాంతంలో ఆటు పూర్తయింది. నీళ్ళు ఎంత దూరం వెనక్కి పోయాయంటే, మేము మొదట చెప్పులు విప్పిన చోటి నుంచి చూస్తే అలల చప్పుడు కూడా సన్నగా వినిపించసాగింది. తడి ఇసుక మీద ఎక్కడ చూసినా ఆవగింజల కంటే కొంచెం పెద్దవైన ఇసుక ఉండలు, ఒక చిన్న రంధ్రం చుట్టూ కిరణాల్లా వరసలుగా పేర్చి ఉన్నాయి. మొదట అవి ఎవరో పిల్లలు చేసిన ముగ్గులనుకున్నాను. మావారు నన్ను పట్టి ఆపి, కదలకుండా కూర్చోమన్నారు. రెండు నిమిషాలు గడిచాక రంధ్రంలోంచి చిటికెన వేలి గోరంత పీత ఒకటి బయటికి వచ్చింది. అది రెండు చిన్న డెక్కలతో ఇసుకను నోటిలోకి తోసుకుని, అందులోని కంటికి కనిపించని ఆహారాన్ని వడగట్టుకుని, మిగిలిన ఇసుకను గుండ్రటి ఉండగా చేసి కాళ్ళ మధ్య నుంచి వెనక్కి నెట్టేస్తుంది. మళ్ళీ ఒక అడుగు జరుగుతుంది, మళ్ళీ ఒక ఉండ. మనిషి నీడ పడితే చాలు, రంధ్రంలోకి మాయమవుతుంది. తీరాన్ని నీళ్ళు వదిలి ఉన్న ఆ కొద్ది గంటలే దాని భోజన సమయం. పోటు వచ్చేలోగా రంధ్రాన్ని మూసుకుని లోపల ఉండిపోతుంది, ఉండలన్నీ అలలో కరిగిపోతాయి, తరువాతి ఆటుకు మళ్ళీ మొదటి నుంచి.

మేము ఆ ఒక్క పీత దగ్గర ముప్పావుగంట కూర్చున్నాము. ఇది చదివేవారికి అతిశయోక్తిగా అనిపించవచ్చు గాని, మాలో ఎవరమూ లేద్దామని అనలేదు. ఒకే చిన్న దాన్ని ఇద్దరూ ఒకే సమయంలో, మాటల అవసరం లేకుండా అంతసేపు చూడడం మా జీవితంలో ఎప్పుడు జరిగిందా అని తరువాత ఆలోచించాను. నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

సూర్యుడు ఐదున్నర లోపే మునిగిపోయాడు. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఈ దీవులు దాదాపు 93 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కవేస్తే ఇక్కడి సూర్యుడు గడియారం కంటే నలభై నిమిషాలకు పైగా ముందుంటాడు. అందుచేత ఉదయం త్వరగా తెల్లవారుతుంది, రాత్రి త్వరగా పడుతుంది. అక్కడికి వెళ్ళేవారు ఈ సంగతి గమనించి నిద్ర వేళలు మార్చుకోవడం మంచిది. తొమ్మిదింటికి లేచి తీరానికి వెళ్ళేవారికి ఆ రోజులోని మంచి భాగం అప్పటికే అయిపోయి ఉంటుంది.

పెందలాడే చీకటి పడడం వల్ల కలిగిన మేలు ఒకటుంది. ఫోన్లకు సిగ్నలు సరిగా లేదు, చేయడానికి పనేమీ లేదు, వరండాలో కూర్చుంటే ముందు చెట్లూ, వాటి వెనుక సముద్రపు చప్పుడూ. అటువంటి సాయంత్రాల్లోనే ఆయన తన చిన్నతనంలో చెరువులో మునిగిపోబోయిన సంగతి నాకు చెప్పారు. ఏడేళ్ళ వయసులో మెట్టు మీద కాలు జారి నీళ్ళలో పడ్డారట. ఎవరో జుట్టు పట్టి పైకి లాగారట. నీటి లోపల కళ్ళు తెరిచినప్పుడు కనిపించిన ఆకుపచ్చని మసక వెలుగు ఇప్పటికీ కలలోకి వస్తుందట. తొమ్మిదేళ్ళలో ఆయన ఎప్పుడూ నడుము లోతు దాటి నీళ్ళలోకి రాకపోవడం నేను గమనించాను గాని, ఇష్టం లేక రావడం లేదనుకున్నాను. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రాత్రి ఆయన చెబుతుంటే, అడగకపోవడం నా తప్పేనని నాకు నిజంగా బాధ కలిగింది.

ఆ మర్నాటి రాత్రి మడ అడవుల్లోకి కయాక్‌లో వెళ్ళాము. ఇద్దరు కూర్చునే చిన్న పడవ. ముందు నేను, వెనుక ఆయన, కొంచెం దూరంలో మరో పడవలో గైడ్. గైడ్ బయలుదేరే ముందే దీపాలూ, ఫోన్లూ ఆపేయమన్నాడు. కంటికి చీకటి బాగా అలవాటు కావడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోను తెర వెలిగినా మళ్ళీ మొదటి నుంచి అలవాటు పడవలసిందే. ఉప్పునీటి మొసళ్ళు ఉండే ప్రాంతాలు కనుక తాను చెప్పిన చోట తప్ప ఎక్కడా చేతులు నీళ్ళలో పెట్టవద్దని కూడా గట్టిగా హెచ్చరించాడు. ఇటువంటి ప్రయాణాలకు దారి తెలిసిన మనిషి లేకుండా వెళ్ళడం తగదు.

మొదటి పది నిమిషాలు నాకేమీ కనిపించలేదు. తెడ్డు నీటిలో ముంచిన చప్పుడు, మడ చెట్ల వేళ్ళ మధ్య నీళ్ళు కదిలే చప్పుడు, అంతే. తరువాత ఒకసారి తెడ్డు తీస్తుండగా దాని అంచు చుట్టూ సన్నని నీలి పొగ లాంటిది తిరిగి ఆరిపోయింది. కళ్ళు చెదిరాయేమో అనుకున్నాను. రెండోసారి తెడ్డు వేశాను. ఈసారి నీళ్ళు స్పష్టంగా వెలిగాయి. తెడ్డు నుంచి జారిన ప్రతి చుక్కా నీటిని తాకిన చోట ఒక్కొక్క నీలి చుక్క పుట్టి ఆరిపోతోంది. పడవ కింద నుంచి ఒక చేప దూసుకుపోతే, చేప కనిపించలేదు గాని అది వెళ్ళిన దారి మాత్రం చీకట్లో సున్నంతో గీసిన గీతలా కనిపించింది. వెనుక నుంచి ఆయన నా పేరు పిలిచి ఆగిపోయారు. ఇంకేమీ అనలేదు.

ఆ వెలుగు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులది. నీరు కదిలి వాటి మీద ఒత్తిడి పడినప్పుడు వాటి లోపలి లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫెరేజ్ అనే ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసి, సెకనులో చిన్న భాగం సేపు నీలి కాంతిని వెదజల్లుతుంది. తమను తినబోయే సూక్ష్మ ప్రాణులను బెదరగొట్టడానికీ, వాటిని తినే పెద్ద ప్రాణులకు జాడ చూపడానికీ ఈ ఏర్పాటు ఉపయోగపడుతుందని శాస్త్రవేత్తలు భావిస్తారు. పగలు అవి వెలగవు, వెన్నెల్లో వెలిగినా మన కంటికి ఆనవు. ఫోటో తీయడానికి మేము ప్రయత్నించలేదు. తీసినవాళ్ళ చిత్రాలు చూశాను గాని, వాటిలో కనిపించే రంగు చాలావరకు కెమెరా ఎక్కువసేపు కన్ను తెరిచి పోగుచేసినది. మేము చూసినది అంతకంటే సన్ననిది, అంతకంటే త్వరగా ఆరిపోయేది.

తిరిగి వచ్చేటప్పుడు గైడ్ చిన్న టార్చి వేసి మడ చెట్ల వేళ్ళు చూపించాడు. కొన్ని చెట్లు పైనుంచి ఊతకర్రల్లా వేళ్ళు దించుకుని బురదలో నిలబడతాయి. మరికొన్నింటి వేళ్ళు బురదలోంచి పైకి పెన్సిళ్ళలా పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి, ఎందుకంటే నీళ్ళు నిండిన ఆ బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఊతవేళ్ళ చెట్ల విత్తనం కొమ్మన ఉండగానే మొలకెత్తి, జానెడు పొడవున ఆకుపచ్చని కాడలా వేలాడుతుంది. బురదలో రాలితే అక్కడే నాటుకుంటుంది, నీళ్ళలో రాలితే తేలుతూ పోయి మరో తీరం చేరుతుంది. ఆ రాత్రి ఒక కాడ మా పడవ అంచుకు తగిలి, ఒక క్షణం ఆగి, పోటు నీటితో పాటు అడవి లోపలికి వెళ్ళిపోయింది.

ఎలిఫెంట్ తీరానికి పడవలో వెళ్ళవచ్చు, అడవి దారిన నడిచి కూడా వెళ్ళవచ్చు. మేము నడిచాము. దారి పొడవునా గర్జన్, పడౌక్ చెట్లు ఎంత ఎత్తు పెరిగాయంటే మెడ పూర్తిగా వెనక్కి వంచితే గాని కొమ్మలు కనిపించవు. వాటి మొదళ్ళ దగ్గర గోడల్లా పరుచుకున్న వేళ్ళ మధ్య ఇద్దరు మనుషులు దాగవచ్చు. పడౌక్ అండమాన్ నికోబార్ దీవుల అధికారిక వృక్షం. అడవి ముగిసి తీరం మొదలయ్యే చోట ఎండి తెల్లబడిన పెద్ద పెద్ద మానులు నీళ్ళలో పడి ఉన్నాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో పోర్ట్‌బ్లెయిర్ పరిసరాల నేల దాదాపు మీటరు కుంగగా, ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి బయటపడ్డాయి. ఆ రోజు ఈ దీవుల్లో ఎందరో ప్రాణాలు కోల్పోయారు. చాలామంది ఆ మానుల మీద ఎక్కి ఫోటోలు తీసుకుంటున్నారు. మాకు ఎక్కాలనిపించలేదు.

స్నార్కెలింగ్ చేస్తానని మావారు తనంతట తానే అన్నారు. నేను బలవంతపెట్టలేదు, ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాయాలనుకుంటున్నాను. నీటిని చూసి భయపడేవారిని సరదా పేరుతో లోపలికి లాగడం ఎంత దగ్గరివారికైనా తగని పని. లైఫ్ జాకెట్ వేసుకుని, ముఖానికి మాస్క్ బిగించుకుని, నడుము లోతులో నిలబడి ముందు ముఖం మాత్రం నీటిలో పెట్టి ఊపిరి తీయడం నేర్చుకున్నారు. మూడుసార్లు లేచి నిలబడి మాస్క్ తీసేశారు. నాలుగోసారి లేవలేదు. నా చేయి మాత్రం గట్టిగా పట్టుకున్నారు. ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాము: ఒకసారి నొక్కితే బాగున్నాననీ, రెండుసార్లు నొక్కితే వెనక్కి పోదామనీ. ఆ అరగంటలో రెండు నొక్కులు ఒక్కసారి కూడా రాలేదు. బయటికి వచ్చాక ఆయన చెప్పిన మొదటి మాట, "లోపల ఆకుపచ్చగా లేదు" అని.

నీటి అడుగున మేము ఎక్కువసేపు చూసినవి క్లౌన్‌ఫిష్‌లు. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలున్న చిన్న చేపలు. సీ అనిమోన్ అనే ప్రాణి వేళ్ళలాంటి స్పర్శకాలను ఊపుతూ రాతికి అంటిపెట్టుకుని ఉంటే, ఆ వేళ్ళ మధ్యే వీటి కాపురం. ఆ వేళ్ళకు విషపు ముళ్ళున్నా, చేప ఒంటి మీది జిగురు పొర దాన్ని కాపాడుతుంది. చేప అనిమోన్‌ను కొరికే వాటిని తరుముతుంది, అనిమోన్ చేపకు ఆశ్రయమిస్తుంది. ఈ చేపలన్నీ మొదట మగవిగానే పెరుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడచేప. అది చనిపోతే, దానితో జతగా ఉన్న మగచేప కొంతకాలానికి ఆడచేపగా మారుతుంది. మేము చూసిన గూట్లో రెండు పెద్దవీ, ఒక చిన్నదీ ఉన్నాయి. పెద్దదాన్ని నేను ముందుగా గుర్తుపట్టి చూపించాను, ఎందుకంటే మా నీడ పడగానే ముందుకు వచ్చి మా వైపు తిరిగి నిలబడింది అదే.

అక్కడే నావల్ల ఒక పొరపాటు జరిగింది. ఒక పెద్ద ఆల్చిప్పను చూడడానికి వెనక్కి తిరగబోతూ కాలికి తొడిగిన రెక్కతో కొమ్మల పగడాన్ని తాకాను. వేలెడు కొమ్మ విరిగి అడుగుకు జారింది. గైడ్ చూసి, కోప్పడకుండా, కాళ్ళు పైకి తేల్చి పడుకోమని చేత్తో సైగ చేశాడు. ఆ కొమ్మ మళ్ళీ అంత కావడానికి జాతిని బట్టి నెలలు పట్టవచ్చు. గుండ్రాళ్ళలా పెరిగే పగడాలైతే ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే ఎక్కువ. పగడాలకు ఆ రంగునూ, ఆహారంలో పెద్ద భాగాన్నీ ఇచ్చేవి వాటి లోపల నివసించే శైవలాలు అనే సూక్ష్మమైన నాచు జాతి జీవులు. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి వారాల పాటు అలాగే ఉంటే పగడాలు ఆ శైవలాలను వదిలేసి తెల్లబడతాయి. 2010 వేసవిలో అండమాన్ అంతటా అదే జరిగింది. అక్కడక్కడా మాకు కనిపించిన తెల్లని, బూడిద రంగు దిబ్బలు కొన్ని అలా పోయినవే అయి ఉంటాయి. అంత కష్టంలో ఉన్నదాన్ని నేను కాలితో విరిచాననే బాధ నాకు ఇంకా ఉంది. ఈత సరిగా రానివారు రెక్కలు తొడగకుండానే తేలడం మంచిదని ఆ రోజు నాకు అర్థమైంది. ఒంటికి సన్‌స్క్రీన్ పూసుకుని నీళ్ళలోకి దిగే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే చర్మానికీ, పగడాలకూ రెండిటికీ మేలు.

గవ్వల సంగతి కూడా చెప్పాలి. రాధానగర్‌లో నాకు పిడికిలంత శంఖం ఒకటి దొరికింది. లోపల ముత్యపు మెరుపు, బయట ఆకుపచ్చని చారలు. ఖాళీదే కదా అని సంచిలో వేసుకున్నాను. మరుసటి తెల్లవారుజామున కాలాపత్థర్ తీరంలో సూర్యోదయానికి ఎదురుచూస్తుండగా, రాళ్ళ మధ్య ఒక హెర్మిట్ పీత ప్లాస్టిక్ సీసా మూతను వీపున మోసుకుని నడవడం చూశాము. ఈ పీతలకు వెనుక భాగం మెత్తన, సొంత పెంకు ఉండదు. చచ్చిన నత్తల శంఖాల్లో దూరి బతుకుతాయి, ఒళ్ళు పెరిగినప్పుడల్లా అంతకంటే పెద్ద శంఖం వెతుక్కుంటాయి. ఆ మూత దానికి సరిపోవడం లేదు. సగం ఒళ్ళు బయటే ఉంది. నేను సంచిలోని శంఖం తీశాను గాని అది ఈ పీతకు మరీ పెద్దది. అయినా దాన్ని రాళ్ళ మధ్య ఉంచి వచ్చేశాను, ఎప్పటికైనా ఏదో ఒక పెద్ద పీతకు పనికివస్తుంది. ఆ దీవుల నుంచి పగడాలు తీసుకుపోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని అందరికీ చెబుతారు. గవ్వలనైనా తీసుకుపోకూడదని నాకు తెలిసింది మాత్రం చట్టం వల్ల కాదు, ఆ సీసా మూత వల్ల.

బారాటంగ్ దీవిలోని సున్నపురాతి గుహలకు మేము వెళ్ళలేదు. అక్కడికి పోయే రోడ్డు జారవా ఆదివాసుల కోసం కేటాయించిన రక్షిత ప్రాంతం గుండా పోతుంది. వాహనాల వరసలో కూర్చుని అద్దాల్లోంచి వాళ్ళ ఇంటిని దాటుకుంటూ పోవడం మాకిద్దరికీ ఇష్టం లేకపోయింది. ఆ నిర్ణయానికి మాకు చర్చ కూడా అవసరం కాలేదు.

చివరి రెండు రోజులు షహీద్ దీవిలో. అక్కడి లక్ష్మణ్‌పూర్ తీరంలో అలలు తొలిచిన సహజ రాతి వంతెన ఉంది. దాని దగ్గరికి పోవాలంటే ఆటు సమయంలో బయటపడే రాళ్ళ మీదుగానే నడవాలి. మేము బస చేసిన చోట మధ్యాహ్నం వెళ్ళవచ్చని చెప్పారు. పట్టికలో మధ్యాహ్నం దాదాపు నిండు పోటు అని ఉన్నా, స్థానికులకు మనకంటే తెలుస్తుందని నమ్మి వెళ్ళాము. వెళ్ళి చూస్తే దారి మొత్తం నీటిలో ఉంది. మాతో పాటు వచ్చిన కొందరు ఆ నీళ్ళలోనే దిగబోతుంటే అక్కడి గైడ్‌లు ఆపారు. నాకు చిరాకు వచ్చిన మాట నిజం. మావారు మాత్రం జేబులోంచి కాగితం తీసి, "రేపు ఉదయం ఆరింటికి" అన్నారు.

మర్నాడు ఇంకా మసక చీకటి ఉండగానే బయలుదేరాము. సూర్యుడు చెట్ల పైకి వచ్చేసరికి వంతెన కింద నిలబడి ఉన్నాము. వంతెన అందమైనదే. కానీ మేము దాన్ని చూసింది పది నిమిషాలు, దాని చుట్టూ ఉన్న మడుగులను చూసింది రెండు గంటలు. రాళ్ళ పల్లాల్లో ఆగిన నీటిలో ఒక్కొక్క మడుగుదీ ఒక్కొక్క లోకం. ఒకదానిలో జానెడు సముద్ర దోసకాయ కదలకుండా పడి ఉంది. ఒకదానిలో వేలెడంత పారదర్శకమైన రొయ్యలు, వాటి నీడలు కనిపిస్తేనే అవి ఉన్నాయని తెలుస్తుంది. ఇంకొకదానిలో, రాతిలో సగం పూడుకుపోయిన రాకాసి ఆల్చిప్ప ఒకటి నోరు తెరిచి ఉంది. దాని లోపలి కండ అంచు నీలం, ఊదా, ఆకుపచ్చ కలిసిన రంగులో, పైన వెండి చుక్కలు చల్లినట్లు మెరుస్తోంది. పగడాలలాగే ఇది కూడా తన కండలో శైవలాలకు చోటిచ్చి, వెలుగు నుంచి ఆహారం పొందుతుంది. ఆయన వంగి తన నీడ దాని మీద పడనిచ్చారు. అది మెల్లగా నోరు మూసుకుంది. ఆయన వెనక్కి జరిగారు. కొంతసేపటికి మళ్ళీ తెరుచుకుంది. ఆ తరువాత మేము నీడ పడకుండా అటువైపు చేరి, రాయి మీద పక్కపక్కన కూర్చున్నాము.

ఎనిమిదింటికి నీళ్ళు తిరిగి రావడం మొదలైంది. మొదట చప్పుడు లేకుండా, రాళ్ళ సందుల్లోంచి సన్నని పాయలుగా. గైడ్ దూరం నుంచి చేయి ఊపి వచ్చేయమన్నాడు. రాళ్ళు పాచిపట్టి జారుతున్నాయి కనుక ఒకరి చేయి ఒకరం పట్టుకుని నడిచాము. ఆయన ముందు అడుగు వేసి రాయి కదలడం లేదని చూసుకున్నాకే నన్ను వేయనిచ్చారు. ఒడ్డుకు చేరేసరికి నీళ్ళు మా చీలమండలు దాటాయి. వెనక్కి తిరిగి చూస్తే రాళ్ళ మీద ఒక్క పొరగా సముద్రం పరుచుకుంటోంది. ఆల్చిప్ప ఉన్న మడుగు వంతెనకు ఎడమన, మూడో రాయి పక్కన అని ఆయన అన్నారు, కాదు నాలుగోదని నేను అన్నాను. చూస్తుండగానే ఆ రాళ్ళు రెండూ మునిగిపోయాయి.